నల్లది వద్దు, పసుపుది ఇయ్యి

మందుల కౌంటరు వెనక కొత్తగా నిలబడ్డ పిల్లలు ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తుంటారు. "మేడం, రెటినాల్ మంచిదా, రెటినల్ మంచిదా? కస్టమర్ ఎదురుగా ఉంది, తొందరగా చెప్పండి" అని. నేను రిటైరై ఇంట్లో పల్లికాయలు ఒలుచుకుంటున్న మనిషిని. అయినా అడిగితే చెప్పకుండా ఉండలేను. నోటికి అలా అలవాటైపోయింది.

నేను చెప్పేది ఎప్పుడూ ఒకటే. గద్వాల నుంచి వనపర్తి పోవాలంటే మధ్యలో పెబ్బేరు తగులుతుంది కదా. చర్మం లోపల అసలు పని జరిగే చోటు వనపర్తి అనుకోండి. రెటినాల్ గద్వాలలో బయలుదేరింది. రెటినల్ పెబ్బేరులో బయలుదేరింది. ఇద్దరూ చేరాల్సింది వనపర్తికే. పెబ్బేరు ఆమెకు దారి తక్కువ, తొందరగా చేరి తొందరగా పని మొదలుపెడుతుంది, అలవాటు లేని చర్మం ఆ దూకుడుకు తట్టుకోలేదు. గద్వాల ఆమె నిదానంగా వస్తుంది, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఆమే మేలు. ఎవరు వచ్చినా రాత్రి పూటే రావాలి, పగలు ఎండ క్రీము రాసుకోవాలి. ఇంత చక్కగా ఏ పుస్తకంలో ఉంది మేడం అని ఒకమ్మాయి అడిగింది. పుస్తకంలో కాదమ్మా, పెబ్బేరు పశువుల సంత దగ్గర నేర్చుకున్నాను అంటే నేను వేళాకోళం చేస్తున్నాననుకుని ఫోన్ పెట్టేసింది. అందుకే ఇది రాస్తున్నాను.

నా ఉద్యోగం చివరి ఏళ్లలో మాది మూడూళ్ల దవాఖాన. చర్మం డాక్టరమ్మ ఒక్కతే, కొన్ని రోజులు గద్వాలలో, కొన్ని రోజులు వనపర్తిలో, ఒక రోజు నాగర్‌కర్నూల్‌లో చూసేది. ఆమెతో పాటు వ్యానులో మందుల పెట్టెలు, వాటితో పాటు మేమిద్దరం. ఫార్మసిస్టును నేను. నాకు తోడుగా తిమ్మాజిపేట మనిషి ఒకతను.

డాక్టరమ్మ అమరచింత దగ్గర పల్లెలో రైతుల ఇంటి పిల్ల. పెద్ద ఊళ్లో పెద్ద చదువు చదివినా మాట మారలేదు. పేషెంటు కూర్చోగానే "ఏమైందమ్మా, రాత్రంత గోక్కుంటున్నవా?" అని మొదలుపెట్టేది. సగం జబ్బు అక్కడే తగ్గేది. నేను వయసులో పెద్దదాన్ని కాబట్టి నన్ను అక్కా అనేది, నా నోటికి కొంచెం భయపడేది. ఆమెలో నాకు నచ్చనిది ఒక్కటే, చేతిరాత. ఇంగ్లీషులో ఆమె రాసే 'ఓ'కూ 'ఏ'కూ తేడా కనిపెట్టాలంటే ఆమెనే పిలిచి అడగాలి. అడిగితే ఆమె కూడా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసేది.

తిమ్మాజిపేట మనిషి అంతకుముందు ఎరువుల దుకాణంలో చాలా ఏళ్లు పనిచేశాడు. ఆ భాష వదల్లేదు. మందులు నేను ఇచ్చేదాన్ని, సబ్బులూ క్రీములూ అతను చూసేవాడు, వ్యాను నడిపేదీ అతనే. ముఖం కడుక్కుని తడి ఆరకముందే మాయిశ్చరైజర్ రాయాలని నేను పది మాటల్లో చెప్పేది అతను ఒక్క మాటలో తేల్చేవాడు. "పొడి దుక్కిల యూరియా జల్లుతమా అమ్మా?" అనేవాడు. పొలం పని చేసే ఆడవాళ్లకు అంతకంటే చెప్పాల్సింది ఉండేది కాదు. గొంతు పెద్దది, మనసు మెత్తన. నేను ఒక రోజు తిట్టకపోతే ఆరోగ్యం బాగాలేదా అక్కా అని అడిగేవాడు.

అప్పటికి ఫోనుల్లో వీడియోలు చూసి కాలేజీ పిల్లలు రెటినాల్ కోసం రావడం మొదలైంది. వాళ్ల వెనక వాళ్ల అమ్మలు, అత్తలు వచ్చారు. ఆ పేరు మా వైపు ఒక్కొక్కరి నోట్లో ఒక్కో రకంగా మారింది. రేటినాలు అన్నవాళ్లున్నారు, రతనాలు అన్నవాళ్లున్నారు. మేము ఏదడిగినా ఒకటే ట్యూబు ఇచ్చేవాళ్లం, తెల్ల క్రీము, ఏ గొడవా లేదు. తర్వాత కంపెనీ మనిషి వచ్చి రెటినల్ అనే కొత్త క్రీము పెట్టిపోయాడు. పేరులో ఒక్క అక్షరమే తేడా. మూత తీసి నొక్కితే మాత్రం పసుపు రంగులో వచ్చేది. అందులో పసుపు కొమ్ము ఏమీ లేదు, ఆ పదార్థం రంగే అంత.

అలాంటి రోజుల్లో గద్వాలలో ఒక నేత ఆమె వచ్చింది. నలభై దాటిన మనిషి. చీర కొంగు తల మీద నుంచి తెచ్చి సగం ముఖానికి అడ్డం పట్టుకుని, ఆ కొంగును పళ్లతో కరిచి పట్టుకుని మాట్లాడుతోంది. నేను పంటి నొప్పి అనుకున్నాను.

"పండ్ల డాక్టరు పక్క సందుల ఉంటడు చెల్లె" అన్నాను.

ఆమె కొంగు తీసింది. రెండు చెంపల మీదా మంగు మచ్చలు, ముక్కు మీదుగా ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. ఇంతకీ ఆ కొంగు చాటు ఎన్నేళ్లదో. చూపించిన వెంటనే మళ్లీ కప్పేసుకుంది.

డాక్టరమ్మ గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది, లోపలి మాట నాకు వినపడేది. ఆమె సంగతి ఇదీ. హైదరాబాద్‌లో చేనేత ప్రదర్శన పెడుతున్నారు. గద్వాల నుంచి ఒకరు అక్కడ మగ్గం మీద కూర్చుని జనం ముందు నేయాలి. మగ్గం పక్కన బోర్డు, బోర్డు మీద నేసే మనిషి ఫోటో, పేరు. ఈమెను అడిగారు. పెళ్లైనప్పటి నుంచీ ఇంట్లో మగ్గం నేస్తోంది, చీర ఒంటి నూలుకు అంచు పట్టును అతుకు తెలియకుండా కలపడంలో ఆ వీధిలో ఆమె తర్వాతే ఎవరైనా. కానీ ఆమె నేసిన చీరలన్నీ భర్త పేరు మీదే పోయాయి. అందరిళ్లలోనూ అంతే కాబట్టి ఎవరికీ తప్పుగా తోచలేదు. ఇప్పుడు మొదటిసారి ఆమె పేరు అడిగారు.

"మచ్చ పోతెనే కూచుంట డాక్టరమ్మా. గీ మొఖం బోర్డు మీద ఎట్ల ఎక్కిస్త? లేకుంటె మా మరిదిని పొమ్మంట. గాయన గూడ మంచిగనే నేస్తడు."

"నువ్వు పోతనంటవా, పోనంటవా? నీకేమనిపిస్తుంది?"

ఆమె చిన్నగా, "పోవాలనే ఉంది" అంది. ఆ రెండు మాటలు అన్న తీరుకు నాకు ఆమె మీద అప్పుడే ఇష్టం పుట్టింది. తీరని కోరిక ఉన్న మనుషులను చూస్తే నాకు అంతే.

డాక్టరమ్మ అబద్ధం ఆడలేదు. మంగు ఒక నెలలో, రెండు నెలల్లో పోయేది కాదని, కొంచెం తేలిక పడొచ్చని చెప్పింది. కడుపుతో ఉన్నవాళ్లు ఇలాంటి క్రీము రాయకూడదు కాబట్టి నెల తప్పిందా అని అడిగింది. ఆమె పకపక నవ్వి "నా బిడ్డనడుగు ఆ ముచ్చట" అంది. ఎండలో తిరుగుతావా అంటే, "గుంత మగ్గంల కూచునేదాన్ని, నాకు ఎండేడిది?" అంది. పొద్దున్నే పడుగు దారాలను వీధి పొడుగునా సాగదీసి ఎండలో నిలబడి గంజి పెట్టే సంగతి ఆమెకు ఎండ కింద లెక్కలోకే రాలేదు. డాక్టరమ్మ ఆ వైపు మనిషే కనుక అది తనే అడిగి తెలుసుకుని ఎండ క్రీము రాసింది. తర్వాత, "రెటినాల్ అని ఒకటి, రెటినల్ అని ఒకటి ఉన్నయి. రెటినల్ జర గట్టిది, నీకు ఇప్పుడే వద్దు. రెటినాల్ రాస్తున్న, రాత్రి పూట, దినం తప్పిచ్చి దినం, కందిగింజంత" అని చెప్పి కాగితం చేతికిచ్చింది.

ఆ తర్వాత నేను మిద్దె మీదికి అన్నం తినడానికి పోయాను. కింద క్రీములు తిమ్మాజిపేట మనిషే ఇచ్చి పంపాడు. నేను దిగేసరికి ఆమె లేదు. నాకైతే ఏ అనుమానమూ రాలేదు, పెరుగన్నం తిన్న మత్తులో ఉన్నాను.

కొన్ని వారాలు గడిచాయి. ఒక రోజు పొద్దున మేము ముగ్గురం వ్యానులో వనపర్తి బయలుదేరాం. ఆ రోజు పెబ్బేరు సంత అని మాకు ముందే తెలుసు, ఐనా డాక్టరమ్మ జొన్నరొట్టె తినడం ఆలస్యం కావడంతో సరిగ్గా సంత పోటెత్తే వేళకు అక్కడ ఇరుక్కున్నాం. ముందు ఎడ్లు, వెనక ఎడ్లు, పక్కన బర్రెలు. ఒక కోడెదూడ మా అద్దంలో తన మొహం చూసుకుంటూ కదలనంటోంది. మా వెనకాల గద్వాల నుంచి వచ్చిన బస్సు కూడా ఆగిపోయింది.

ఇంతలో ఎవరో వ్యాను తలుపు దబదబా బాదారు. చూస్తే నేత ఆమె. ఈసారి కొంగు ముఖం మీద లేదు. ఉంటే మంట తట్టుకోలేక తీసేసిందట. చెంపలు, ముక్కు, గదుమ అంతా ఎర్రగా కందిపోయి, ముక్కు పక్కల పొట్టు లేస్తోంది. ఆ రోజు మేము వనపర్తిలో ఉంటామని తెలిసి బస్సెక్కిందట, బస్సు కిటికీలోంచి మా వ్యాను చూసి దిగి ఎడ్ల మధ్య నుంచి పరుగెత్తుకొచ్చింది.

"డాక్టరమ్మా, నా మొఖం జూడు! ప్రదర్శన ఇంక రెండు వారాలే ఉంది. నేనేం చేసిన నీకు?"

డాక్టరమ్మ ఒక్క ఉదుటున కిందికి దిగింది. వ్యానులో చీకటిగా ఉందని ఆమెను వెలుతురులోకి నిలబెట్టి, గదుమ పట్టుకుని ముఖం ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. సంతలో ఒక మనిషి ఇంకొకరి గదుమ పట్టుకుని చూస్తుంటే జనం ఊరుకుంటారా. ఎడ్లను వదిలేసి అందరూ మా చుట్టూ చేరారు. ఒక తాత వెన్న పూయమన్నాడు. ఒక దళారి కలబంద అన్నాడు. ఇంకొకాయన బర్రె పుండుకు వాడే నూనె తన దగ్గరే ఉందని సంచి విప్పడం మొదలుపెట్టాడు. డాక్టరమ్మ అందరి మీదా గయ్యిమంది.

ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అయినా చుట్టూ చూసి, గదుమ డాక్టరమ్మ చేతిలో ఉండగానే అంది:

"పండ్లు గూడ జూస్తవా డాక్టరమ్మా? బేరమేదో ఇక్కడనే అయిపోతది."

ఎద్దు వయసు పళ్లు చూసి తేల్చేవాళ్లు చుట్టూ అంతమంది ఉన్నారు, ఒక్కసారి నవ్వు లేచింది. ఆమె కూడా నవ్వింది, నవ్వితే చెంపలు లాగి మంట పుట్టి "అబ్బా" అంది. డాక్టరమ్మ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. నాకు ఆ రోజు నుంచి ఆ మనిషంటే వట్టి ఇష్టం కాదు, గౌరవం.

"ఏం పెట్టినవమ్మా దీనికి?"

"మీరిచ్చిందే." సంచిలోంచి ట్యూబు తీసింది. నేను అందుకుని చూశాను. రెటినల్. దాదాపు ఖాళీ అయ్యింది. కందిగింజంత చొప్పున రాస్తే నెలలు రావలసిన ట్యూబు.

"ఇది నీకు ఎవరిచ్చిండ్రు?" అన్నాను.

ఆమె వేలు వ్యాను ముందు సీటు వైపు చూపించింది. "గా అన్ననే. నేనే అడిగిన. నల్లది వద్దన్న, పసుపుది ఇయ్యమన్న."

తర్వాత అంతా విడివిడిగా బయటపడింది. డాక్టరమ్మ లోపల చెప్పిన రెండు పేర్లలో ఒకటి ఆమె చెవికి రెటి-నల్ల అని వినపడింది. గట్టిది, నీకు వద్దు అన్న మాట కూడా వింది. నల్లది రాస్తే ముఖం ఇంకా నల్లబడుతుంది కాబోలు, అందుకే వద్దంటోందని సమాధానపడింది. బయటికొచ్చేసరికి కౌంటరు దగ్గర ఒక కాలేజీ పిల్ల చేతి మీద పసుపు క్రీము నొక్కించుకుని చూస్తోంది. పసుపు కంటే ముఖానికి మంచిది ఏముంటుంది! మా వాడి చేతిలో కాగితం ఉంది, అందులో డాక్టరమ్మ రాసిన ఆ ఒక్క అక్షరం 'ఓ'నో 'ఏ'నో దేవుడికే తెలియాలి. డాక్టరమ్మ నల్లది వద్దంది, పసుపుది ఇయ్యి అని పేషెంటు అంత గట్టిగా చెబుతుంటే, డాక్టరమ్మే చూపించి పంపిందనుకుని ఆ పసుపుదే ఇచ్చేశాడు. ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ అజాగ్రత్తగా కూడా లేరు. వద్దన్న దాన్నే అందరూ కలిసి ఆమె చేతిలో పెట్టారు.

"మరి రాత్రి పూట, కందిగింజంత అని చెప్పిన గదమ్మా?" అన్నాడు అతను దిగి వచ్చి.

"చెప్పినవన్నా. కాని పసుపు రాత్రి పెట్టుకుంటరా ఎవరన్న? పొద్దుగాల తానం చేసే ముందట ఇంత తీసుకొని మెడ దాక పట్టిచ్చిన. పడుగు పని అయినంక కడుక్కున్న."

అంటే గట్టి క్రీము, పది రెట్లు ఎక్కువ, రోజూ, అదీ పొద్దున్నే ఎండలో. డాక్టరమ్మ తల పట్టుకుంది. కానీ వేళ్లతో మళ్లీ ఒకసారి చెంపలు తడిమి చూసి, ధైర్యంగా చెప్పింది. పుండు పడలేదు, పై పొర లేచిపోతోంది, ఆపేస్తే సర్దుకుంటుంది. సబ్బు వద్దు, పసుపు వద్దు, శనగపిండి వద్దు. చన్నీళ్లు, వట్టి మాయిశ్చరైజర్, ఎండకు దూరం. ట్యూబు పారేయి.

"పారేస్త" అని ఆమె దాన్ని మళ్లీ సంచిలోనే వేసుకుంది. సంచిలో వేసేటప్పుడు తన కొంగు చివర చూపించింది, తెల్ల నూలు మీద ముఖం తుడుచుకున్న చోట పసుపు మరక. "జూడక్కా, మొఖాన్ని గాల్చింది గాని నూలుకు ఎంత మంచిగ పట్టిందో" అంది. ఆ స్థితిలో కూడా రంగు చూసే మనిషి.

అప్పటికి దారి తెరుచుకుని ఆమె బస్సు వెళ్లిపోయింది. ఇక చేసేదేముంది, మా వ్యానులోనే ఎక్కించుకుని వనపర్తి దాకా తీసుకుపోయి, మందులిచ్చి అక్కడి నుంచి గద్వాల బస్సు ఎక్కించాలనుకున్నాం. బండి కదిలింది. నేను నోరు విప్పితే ఏమంటానో నాకే తెలియక పళ్లు బిగించుకుని కూర్చున్నాను. అతను స్టీరింగు మీద నుంచి చూపు తిప్పకుండా అడిగాడు.

"మేడం, ఆ రెండిటికి తేడా ఏంది, నాకొక్కసారి సక్కగ చెప్పుర్రి. ఇన్నొద్దులు పేరే జూసిన గాని ఏంటిదో తెల్వదు."

డాక్టరమ్మ కిటికీలోంచి వెనక్కి పోతున్న పెబ్బేరును చూస్తూ, నేను మొదట్లో రాసిన ఆ దారి లెక్క అక్కడే, అప్పుడే చెప్పింది. గద్వాల ఆమె, పెబ్బేరు ఆమె, వనపర్తి. ఎరువుల దుకాణం మనిషికి ఒక్క దెబ్బకు ఎక్కింది. వెనక సీట్లోంచి నేత ఆమె అంది:

"అయితే నన్ను పెబ్బేరుల ఎక్కిచ్చినవన్నమాట అన్నా."

నిజంగానే ఆమె పెబ్బేరులోనే ఎక్కింది. ఈసారి అతను నవ్వలేకపోయాడు.

ఆ సాయంత్రం దవాఖాన మూసేటప్పుడు వ్యాను తాళాలు నా ముందు పెట్టాడు. "రేపటి సంది రానక్కా. మళ్ల యూరియా సంచులే మోస్త. పొలంల మందు తప్పితె ఒక పంట పోతది. మనిషి మొఖం పోతె ఎట్ల?" అన్నాడు. నేను అప్పటి దాకా మనసులో పేర్చుకున్న తిట్లన్నీ మర్చిపోయాను. డాక్టరమ్మ గదిలోంచి వచ్చి ఆ తాళాలు తీసి అతని జేబులో వేసింది.

"నువ్వు పోతె నా రాత బాగైతదా? నేను ఓ రాస్తున్ననో ఏ రాస్తున్ననో నాకే తెల్వనప్పుడు నువ్వేం చేస్తవ్? నువ్వు రేపు రావాలె. వచ్చి ఆమె ఇంటికి పోవాలె, మొఖం ఎట్లుందో జూసి నాకు ఫోన్ చెయ్యాలె. రోజూ."

అలా అతనికి ఉద్యోగం మిగిలింది, పని పెరిగింది. రోజూ నేత వీధికి పోయేవాడు, ఫోటో తీసి పంపేవాడు. మూడో నాటికో నాలుగో నాటికో ఫోటోలో ఎరుపు తగ్గింది. ఆ తర్వాతి ఫోటోల్లో ముఖం బదులు అతని చేతులే కనపడటం మొదలైంది. ఏందిరా ఇది అంటే, ఊరికే కూర్చోవడం ఎందుకని ఆమె అతని చేత రాట్నం మీద కండెలు చుట్టిస్తోందట. దారం తెగితే తిడుతోందట. "నీకంటె ఎక్కువ తిడుతుందక్కా" అని ఫోనులో ఎంత సంతోషంగా చెప్పాడో. నాకు కొంచెం కుళ్లు కూడా పుట్టింది, అతన్ని తిట్టే హక్కు నాదే అనుకుంటూ ఉండేదాన్ని.

అయితే ముఖం నయం కావడం ఒక ఎత్తు, హైదరాబాద్ పోవడం ఒక ఎత్తు. మచ్చ పోతేనే కూర్చుంటానంది కదా. ఎరుపు పోతే కింద మళ్లీ ఆ మంగే ఉంటుంది. ప్రదర్శన దగ్గర పడేకొద్దీ మేము ముగ్గురం ఆ మాట ఎత్తడానికి భయపడ్డాం. ఆమె మరిది బట్టలు సర్దుకుంటున్నాడని మా వాడు ఒక రోజు దిగులుగా చెప్పాడు. ఆమె పేరు బోర్డు ఎక్కకుండానే పోతుందని, దానికి తనే కారణమని ఆ రోజంతా అన్నం తినలేదు.

ప్రదర్శనకు ముందు వచ్చిన చివరి గద్వాల రోజున ఆమె దవాఖానకు వచ్చింది. తలుపు దగ్గర నేను మొదట గుర్తుపట్టలేదు, ఎందుకంటే ఆమె ముఖం మొత్తం నేను నెమ్మదిగా చూసింది అదే మొదలు. కొంగు భుజం మీదే ఉంది. పొట్టు పోయింది, ఎరుపు పోయింది. మంగు ఎక్కడిదక్కడే ఉంది, చెంప చివర్లలో జర పలచబడిందేమో, అంతే.

"మచ్చ పోలె గదమ్మా" అంది డాక్టరమ్మ, తప్పు చేసిన పిల్లలాగ.

"పోలె."

"మరి మీ మరిది పోతుండట గదా?"

"వస్తుండు, మగ్గం ఇప్పి బిగిచ్చేటందుకు. కూచునేది నేనే." కుర్చీలో సర్దుకుని కూర్చుంది. "ఆ రెండు వారాలు కొంగు కప్పుకుంటె మంట, కప్పుకోకుంటె జనం. ఇంగ మంటకంటె జనమే నయమని ఇప్పేసిన. వీధంత జూసిండ్రు. పెబ్బేరు సంత జూసింది. ఎడ్లు గూడ జూసినయి డాక్టరమ్మా, ఒక్కటి గూడ బెదరలే. హైదరాబాదోళ్లు ఎడ్లకంటె ఎక్కువనా?"

డాక్టరమ్మ లేచి వెళ్లి ఆమెను గట్టిగా పట్టుకుంది. పేషెంట్లను అలా పట్టుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు. నేను కౌంటరు వైపు తిరిగి లేని సీసాలు సర్దాను. మా వాడు మాత్రం అందరి ముందూ బాహాటంగా ఏడ్చేశాడు, పెద్ద గొంతుతో.

పిల్లలూ, నేను ఆ తర్వాత కౌంటరు దగ్గర ఒక పద్ధతి పెట్టుకున్నాను. క్రీము ఇచ్చే ముందు, డాక్టరు ఏం చెప్పిందో నీ నోటితో నాకు చెప్పు అని అడిగేదాన్ని. రెటినల్ అన్న మాట ఎన్ని రకాలుగా వినపడుతుందో అప్పుడు తెలిసింది. ఒకామె రెట్టి నల్లా అంది, నీళ్ల నల్లా అనుకుందట. మీరు కూడా అడగండి. నవ్వుకోవడానికి కూడా పనికొస్తుంది.

ప్రదర్శనకు నేనూ మా వాడూ హైదరాబాద్ పోయాం. డాక్టరమ్మకు నాగర్‌కర్నూల్ రోజు, రాలేక ఫోటోలు పంపమని మరీ మరీ చెప్పింది. హాలు నిండా జనం. గద్వాల మగ్గం ఎక్కడ అని వెతకనక్కరలేకపోయింది, బోర్డు మీద ఆమె ముఖం ఇంత పెద్దగా ఉంది, మంగుతో సహా. కింద ఆమె పేరు. భర్త పేరు ఎక్కడా లేదు. ఆయన పక్కన నిలబడి, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఆ బోర్డే చూపిస్తున్నాడు.

ఆమె మగ్గంలో కూర్చుని నేస్తోంది. చీరది మెరిసే తెల్ల నూలు ఒళ్లు, దానికి పట్టు అంచు. అంచు దగ్గరికి పోయి చూసి నేను ఆగిపోయాను. ఆ రంగు నాకు తెలుసు. నిమ్మపండు రంగు కాదు, బంతిపువ్వు రంగు కాదు. సంతలో ఆమె కొంగు చివర చూసిన రంగు. పారేస్తానని సంచిలో వేసుకున్న ట్యూబును అద్దకం వాళ్ల దగ్గరికి పట్టుకుపోయి, ఇదే రంగు కావాలని కూర్చుని మరీ వేయించుకుందట. గద్వాలలో ప్రతి రంగుకూ పేరు పెడతారని మీకు తెలిసే ఉంటుంది. కొత్త రంగు తెచ్చినవాళ్లదే పేరు పెట్టే హక్కు.

కళ్లద్దాలు పెట్టుకున్న ఒక పెద్దామె అంచు మీద వేలు పెట్టి, ఈ రంగును ఏమంటారమ్మా అని అడిగింది.

"నల్ల పసుపు" అంది ఆమె.

"పసుపు నల్లగా ఎలా ఉంటుంది?"

అప్పుడామె తలెత్తి మమ్మల్ని చూసింది. మా వాడు నా వెనక్కి జరిగాడు. ఆమె పోగు వేసే నాడె వదిలి, కొంగు ఎక్కడుందో కూడా చూసుకోకుండా, హాలంతా వినపడేలా నవ్వింది.

"గదంతే అమ్మా. మొఖానికి పెట్టుకుంటె మండుతది, కట్టుకుంటె సల్లగుంటది."